ఎమర్జెన్సీలో జబ్బును తప్పుగా గుర్తిస్తే ఆసుపత్రి బిల్లుపై అభ్యంతరం చెప్పడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్ల క్రితం మా తమ్ముడి కొడుకుకు ఉదయం నుంచి కడుపునొప్పిగా ఉంటే, రాత్రి పదకొండు దాటాక దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. గ్యాస్ అని చెప్పి ఒక ఇంజెక్షన్ చేసి, నాలుగు మాత్రలు రాసి పంపించారు. మర్నాటి సాయంత్రానికి అది గ్యాస్ కాదని, అపెండిక్స్ పగిలిందని వేరే ఆసుపత్రిలో తేలింది. పిల్లవాడు పదకొండు రోజులు మంచం మీద ఉండి బయటపడ్డాడు కానీ, బిల్లుల వ్యవహారం తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత బంధువులు, స్నేహితులు, వారి స్నేహితులు ఫోన్ చేసి అడుగుతున్న సందేహాలు దాదాపు ఒక్కలాగే ఉంటున్నందువల్ల జవాబులను ఒకచోట చేర్చాను. ఇవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఆసుపత్రులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. నేను వకీలును కాను. ప్రాణనష్టం జరిగిన సందర్భాల్లోనూ, పెద్ద మొత్తాలు చిక్కుకున్న సందర్భాల్లోనూ వకీలు సలహా తీసుకున్నాకే ముందుకు వెళ్లండి.

## ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నప్పుడు

బిల్లు మొత్తం కట్టేదాకా పేషెంట్‌ను పంపించేది లేదంటున్నారు. అలా ఆపే హక్కు వాళ్లకు ఉందా?

లేదు. బిల్లు బాకీ ఉంటే దాన్ని వసూలు చేసుకోవడానికి ఆసుపత్రికి చట్టప్రకారం మార్గాలున్నాయి కానీ, మనిషిని తాకట్టు వస్తువులా ఉంచుకోవడం వాటిలో ఒకటి కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం, బిల్లు వివాదం కారణంగా పేషెంట్‌ను గానీ, చనిపోయినవారి మృతదేహాన్ని గానీ ఆపకూడదని స్పష్టంగా చెబుతోంది. బలవంతంగా నిర్బంధిస్తే అది భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. ముందు బిల్లింగ్ కౌంటర్ దాటి మెడికల్ సూపరింటెండెంట్‌ను కలిసి, ఎందుకు ఆపుతున్నారో కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వమన్న మాటతోనే చాలాచోట్ల వ్యవహారం సడలుతుంది. అప్పటికీ వినకపోతే పోలీసుల అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి.

తప్పని పరిస్థితిలో డబ్బు కట్టేస్తే, తర్వాత అడిగే హక్కు పోతుందా?

పోదు. అర్ధరాత్రి డిశ్చార్జ్ కోసం కట్టిన డబ్బు, ఆ బిల్లు సరైనదని మీరు ఒప్పుకున్నట్టు లెక్క కాదు. అయినా కట్టేటప్పుడే బిల్లు ఆసుపత్రి కాపీ మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, వివరణ కోరుతాను’ అని రాసి, తేదీ, సమయం వేసి, సంతకం చేసి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రాయనివ్వకపోతే అదే మాటను అప్పటికప్పుడు ఆసుపత్రి ఈమెయిల్‌కు పంపండి. డబ్బు కార్డు మీద గానీ, యూపీఐ ద్వారా గానీ కడితే తేదీ, మొత్తం రుజువుగా మిగులుతాయి. నగదు ఇస్తే మాత్రం రశీదు చేతికి వచ్చేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలవద్దు.

కేస్ షీట్ కాపీ అడిగితే, డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చాం కదా, చాలు అంటున్నారు. నిజంగా చాలా?

చాలదు. డిశ్చార్జ్ సమ్మరీ ఆసుపత్రి చెప్పదలచుకున్న కథ అయితే, కేస్ షీట్ ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో గంటల వారీగా నమోదైన పత్రం. వైద్యుల వృత్తి నియమావళి, అంటే 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పేషెంట్ గానీ, ఆయన అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి. దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద మెడికల్ రికార్డ్స్ విభాగం ముద్ర, తేదీ వేయించుకోండి. ‘పూర్తి రికార్డు’ అని ఒక్కమాటలో అడగకుండా, ఎమర్జెన్సీ రిజిస్టర్‌లోని ఎంట్రీ, డ్యూటీ డాక్టర్ రాసిన నోట్స్, నర్సుల చార్టులు, మందులిచ్చిన చార్టు, ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రే, స్కాన్, ఈసీజీ కాపీలు, సమ్మతి పత్రాలు అని విడివిడిగా పేర్కొనండి. జిరాక్స్ ఖర్చు అడిగితే ఇచ్చేయండి, అక్కడ గొడవ పడి లాభం లేదు.

మా పిల్లవాడి విషయంలో మొత్తం కేసుకు ఆధారం ఒకే ఒక్క కాగితం. ఎమర్జెన్సీ షీట్‌లో ‘కడుపు మెత్తగా ఉంది’ అన్న ఒక్క ముక్క తప్ప ఎక్కడ నొక్కితే నొప్పి వచ్చిందో లేదు, రక్తపరీక్ష రాయలేదు, నొప్పి తగ్గకపోతే ఎన్ని గంటల్లో తిరిగి రావాలో చెప్పినట్టు లేదు. రాసి ఉన్నదాని కన్నా రాయకుండా వదిలేసినదే మాకు ఎక్కువగా పనికొచ్చింది.

మా నాన్నగారు చనిపోయారు. పోస్టుమార్టం చేయించాలా? మనసొప్పడం లేదు.

మరణ కారణం మీద మీకు అనుమానం ఉండి, తర్వాత ఫిర్యాదు చేయాలన్న ఆలోచన ఏ కొంచెం ఉన్నా చేయించడమే మేలు. దహనం అయిపోయాక, ఎమర్జెన్సీలో చెప్పిన జబ్బు తప్పని చూపడానికి మీ దగ్గర ఆసుపత్రి రాసుకున్న కాగితాలే మిగులుతాయి. దీనికి పోలీసు స్టేషన్‌లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, పోస్టుమార్టం ప్రభుత్వ ఆసుపత్రిలో జరుగుతుంది. ఇంటి పెద్దలు వద్దంటారు, ఊరి నుంచి వచ్చినవాళ్లు త్వరపడమంటారు. ఆ ఒత్తిడిలో నిర్ణయం తీసుకోవడం కష్టమని తెలిసే చెబుతున్నాను.

మావాళ్లు ఆసుపత్రి ముందు ధర్నాకు దిగుతామంటున్నారు. ఫలితం ఉంటుందా?

శాంతియుతంగా కూర్చుంటే ఒక సంగతి. ఒక్క అద్దం పగిలినా, ఒక నర్సు మీద చెయ్యి పడినా ఆ క్షణం నుంచి మీరే ముద్దాయిలు. వైద్య సిబ్బంది మీద, ఆసుపత్రుల మీద దాడులను నిరోధించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టం మూడేళ్ల దాకా జైలుశిక్షకు, ఆస్తినష్టానికి రెట్టింపు పరిహారానికి వీలు కల్పిస్తోంది. నిజమైన ఫిర్యాదు ఉండి కూడా ఇలా చేజార్చుకుని, ఆసుపత్రి పెట్టిన కేసులో రాజీ కోసం సొంత ఫిర్యాదును వెనక్కి తీసుకున్న కుటుంబం ఒకటి నాకు తెలుసు.

## ఇంటికి వచ్చి కాగితాలు ముందేసుకున్నాక

జబ్బు తప్పుగా చెప్పారంటే ఆ బిల్లు కట్టనక్కర్లేదు కదా?

అందరూ ముందు అడిగేది ఇదే, అందరూ పొరబడేది కూడా ఇక్కడే. జబ్బును గుర్తించడంలో పొరపాటు జరగడం వేరు, నిర్లక్ష్యం వేరు. అదే పరిస్థితిలో మామూలు నైపుణ్యం ఉన్న మరో వైద్యుడు చేసే పరిశీలన, పరీక్షలు చేసి కూడా నిర్ధారణ తప్పితే దాన్ని చట్టం నిర్లక్ష్యంగా చూడదు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇదే. చేయాల్సిన కనీస పని చేయకపోవడం వల్ల నిర్ధారణ తప్పితే అది సేవాలోపం.

ఇక బిల్లు సంగతికి వస్తే, మీ దగ్గర నిజానికి రెండు వేర్వేరు తగాదాలు ఉన్నాయి. ఒకటి లెక్కల తగాదా: వాడని వస్తువు, రాని డాక్టరు, రెండుసార్లు వేసిన పద్దు. దీనికి ఏ వైద్య నిపుణుడూ అక్కర్లేదు, నిర్లక్ష్యం రుజువు చేయనూ అక్కర్లేదు. రెండోది వైద్యం తగాదా: తప్పు నిర్ధారణ వల్ల అనవసరంగా అయిన ఖర్చు, పెరిగిన ఖర్చు. ఈ రెంటినీ కలిపి ‘మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వండి’ అని అడిగితే ఆసుపత్రి రెండోదానికి జవాబు చెబుతూ మొదటిదాన్ని కూడా దాటవేస్తుంది. విడదీసి అడిగితే మొదటిది వారాల్లో తేలవచ్చు, రెండోదానికి మీకు ఓపిక మిగులుతుంది.

బిల్లులో అసలు ఏం చూడాలి? నలభై పేజీలు ఉంది.

ముందు ఒకటి సరిచూసుకోండి. మీ చేతిలో ఉన్నది పద్దుల వారీ బిల్లేనా? ‘ఫార్మసీ 61,000, ఇన్వెస్టిగేషన్స్ 38,000’ అని నాలుగు వరుసల్లో ఇచ్చేది బిల్లు సారాంశం మాత్రమే. ప్రతి మందు, ప్రతి పరీక్ష, ప్రతి విజిట్ తేదీతో సహా ఉన్న బిల్లు అడగడం మీ హక్కు.

అది వచ్చాక బిల్లును ఎడమచేతి వైపు, కేస్ షీట్‌ను కుడిచేతి వైపు పెట్టుకుని రోజువారీగా సరిచూడండి. మందులిచ్చిన చార్టులో ఎన్ని డోసులకు నర్సు సంతకం ఉందో, ఫార్మసీ బిల్లులో అన్నే ఉన్నాయా? డిశ్చార్జ్ నాడు తిరిగి ఇచ్చిన ఇంజెక్షన్ల డబ్బు తగ్గించారా? మందుల మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర దాటి వేశారా? ఐసీయూ అద్దె వేసిన రోజునే వార్డు గది అద్దె కూడా పడిందా? ఆపరేషన్‌కు ప్యాకేజీ ధర ఒప్పుకున్నాక దానిలో ఉండాల్సిన మత్తుమందు, థియేటర్ ఛార్జీలను మళ్లీ విడిగా రాశారా? ఆసుపత్రి వైద్యసేవల మీద జీఎస్టీ లేదు. 2022 జూలై 18 నుంచి, ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5000 రూపాయలు దాటినప్పుడు మాత్రమే ఆ అద్దె మీద 5 శాతం వేస్తున్నారు. ఇది కూడా ఒకసారి చూడండి.

మాకు రెండో ఆసుపత్రి ఇచ్చిన బిల్లులో ఆరుసార్లు ఫిజియోథెరపీ అని ఉంది. పిల్లవాడి మంచం పక్కన రాత్రింబవళ్లు కూర్చున్నది మా మరదలు. ఫిజియోథెరపిస్టు ఒకే ఒక్కసారి వచ్చి, గోళీలున్న ఊదుడు పరికరాన్ని చేతికిచ్చి, రోజూ ఊదించమని చెప్పి వెళ్లాడు. నర్సుల చార్టు కూడా అదే చెప్పింది. ఆ అయిదు పద్దులనూ మారుమాట లేకుండా తీసేశారు. అటెండర్‌గా ఉన్నవారు ఒక చిన్న పుస్తకంలో ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకుంటే దానికి మించిన సాక్ష్యం లేదు.

తప్పు మొదటి ఆసుపత్రిది. పెద్ద బిల్లు వచ్చింది రెండో ఆసుపత్రిలో. ఎవరిని అడగాలి?

లెక్కల్లో తేడా ఉంటే రెండో ఆసుపత్రిని, తప్పు నిర్ధారణ వల్ల పెరిగిన ఖర్చును మొదటి ఆసుపత్రిని అడగాలి. సరిగ్గా వైద్యం చేసిన రెండో ఆసుపత్రి మీద కోపం చూపించి, ఆ డాక్టరును దూరం చేసుకోవద్దు. ఎందుకంటే ఆయన రాసే నాలుగు వాక్యాలే మీకు బలం.

మొదటి ఆసుపత్రిని రెండో బిల్లు మొత్తం అడగడం కూడా సరికాదు. సకాలంలో గుర్తించినా ఆ జబ్బుకు ఎలాగూ అయ్యే ఖర్చును మినహాయించి, మిగతాది అడగాలి. మేం చేసిన లెక్క ఇది. రెండో ఆసుపత్రి బిల్లు 2,86,400 రూపాయలు. అపెండిక్స్ పగలకముందే వచ్చి ఉంటే ల్యాప్రోస్కోపీ ఆపరేషన్‌కు ఎంత అయ్యేదో అంచనా రాసివ్వమని అదే ఆసుపత్రి బిల్లింగ్ విభాగాన్ని అడిగితే, 85,000 అని లెటర్‌హెడ్ మీద ఇచ్చారు. తేడా 2,01,400. దానికి మొదటి ఆసుపత్రిలో కట్టిన 4,850 కలిపితే 2,06,250. ఇంత కచ్చితమైన అంకె, దాని వెనక కాగితం ఉన్నప్పుడు అవతలివారు మాట్లాడే తీరు మారుతుంది. ‘పది లక్షలు ఇవ్వాలి’ అన్నప్పుడు నవ్వి ఊరుకున్న మేనేజర్ ఈ లెక్క చూశాక కుర్చీ చూపించాడు.

మొదటి ఈసీజీ నార్మల్‌గానే వచ్చిందట. గ్యాస్ అన్నారు, తెల్లారేసరికి గుండెపోటు. ఇది వాళ్ల తప్పేనా?

ఈసీజీ ఒక్కటే చూసి చెప్పలేం. గుండెపోటు మొదలైన తొలి గంటల్లో ఈసీజీ మామూలుగా ఉండవచ్చు, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నప్పుడు వెలువడే ప్రోటీన్) కూడా పెరగకపోవచ్చు. అందుకే అనుమానం ఉన్నప్పుడు కొన్ని గంటలు ఉంచి రెండోసారి చేస్తారు. అలాగే పక్షవాతంలో రక్తనాళం మూసుకుపోయిన తొలి గంటల్లో సీటీ స్కాన్‌లో ఏమీ కనబడకపోవచ్చు. కాబట్టి మీరు వేయాల్సిన ప్రశ్న ‘మొదటి పరీక్షలో ఎందుకు తేలలేదు’ అన్నది కాదు. వయసు, షుగరు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం వంటి వివరాలు మీరు చెప్పినట్టు షీట్‌లో రాశారా, రెండో ఈసీజీ తీశారా, పరిశీలనలో ఉంచుతామని చెప్పారా, పంపించేటప్పుడు ప్రమాద సంకేతాలు చెప్పారా అన్నవి అసలు ప్రశ్నలు. ఒకవేళ వాళ్లు ఉండమంటే మీరే సంతకం పెట్టి వచ్చేసి ఉంటే, ఆ కాగితం మీకు వ్యతిరేకంగా బలంగా నిలబడుతుంది.

## ఆసుపత్రితో ఉత్తరప్రత్యుత్తరాలు

ఫిర్యాదు ఉత్తరం ఎలా రాయాలి? లీగల్ నోటీసే పంపాలా?

మొదటి ఉత్తరం మీరే రాయవచ్చు, వకీలు నోటీసు తప్పనిసరి కాదు. మెడికల్ సూపరింటెండెంట్ పేరిట, ఒకటి రెండు పేజీలకు మించకుండా, విశేషణాలు లేకుండా రాయండి. ‘మీ డాక్టరు హంతకుడు’ అన్న వాక్యం రాసిన మరుక్షణం మీ ఉత్తరం లీగల్ విభాగానికి వెళ్లిపోతుంది, అక్కడి నుంచి జవాబు రాదు. ఇలాంటి వాక్యాలు సరిపోతాయి: ‘ఫలానా తేదీ రాత్రి 11.20కి పేషెంట్ మీ ఎమర్జెన్సీకి వచ్చినట్టు, 11.55కి పంపించినట్టు మీ రికార్డులో ఉంది. ఈ మధ్య రక్తపరీక్ష గానీ, స్కాన్ గానీ చేసినట్టు లేదు. మర్నాడు ఫలానా ఆసుపత్రిలో అపెండిక్స్ పగిలినట్టు నిర్ధారించారు. ఆలస్యం వల్ల పెరిగిన ఖర్చు ఇంత. 30 రోజుల్లో వివరణ, పరిహారం కోరుతున్నాను.’ జతపరిచిన కాగితాల జాబితా చివర రాయండి. స్పీడ్ పోస్టులో పంపి, రశీదు, అందినట్టు రుజువు దాచుకోండి. అదే ప్రతిని ఈమెయిల్‌లో కూడా పంపండి.

కొంత డిస్కౌంట్ ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. పెట్టవచ్చా?

కాగితం చదివి పెట్టండి. ‘ఇకపై ఎటువంటి క్లెయిమూ లేదు, పూర్తి పరిష్కారంగా స్వీకరించాను’ అన్న అర్థం వచ్చే వాక్యం దానిలో ఉంటే, మీరు ఆ డిస్కౌంట్‌కు మీ వైద్యం తగాదాను కూడా అమ్మేస్తున్నట్టే. బిల్లు లెక్కల సవరణకు మాత్రమే అంగీకరిస్తున్నాను అని చేర్చమనండి. చేర్చనంటే ఇంటికి తీసుకెళ్లి చూసి చెబుతానని లేచి రండి. ఆ మొత్తం నిజంగా న్యాయమైనదైతే మాత్రం సంతకం పెట్టి బయటపడటంలో తప్పులేదు, అందరికీ ఏళ్లతరబడి తిరిగే తీరిక ఉండదు.

మిగిలిన బాకీ కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుందని బెదిరిస్తున్నారు. నిజమా?

ఆసుపత్రికి నేరుగా ఉన్న బాకీ రుణం కాదు కాబట్టి క్రెడిట్ రిపోర్టులోకి వెళ్లదు. అక్కడి కౌంటర్‌లోనే ఏదో ఫైనాన్స్ కంపెనీ ఈఎంఐ మీద లోన్ ఇప్పించి ఉంటే మాత్రం ఆ కిస్తీలు ఆపవద్దు. అది మీకూ ఆ కంపెనీకీ మధ్య వ్యవహారం, ఆసుపత్రితో తగాదా ఉందంటే వాళ్లు వినరు. క్రెడిట్ కార్డు బకాయి సంగతీ అంతే.

## బీమా, ఆరోగ్యశ్రీ ఉన్నప్పుడు

బిల్లు బీమా కంపెనీ కట్టింది. నా జేబులోంచి పోలేదు కాబట్టి ఫిర్యాదు చేయలేనా?

చేయవచ్చు. 1995లో వి.పి. శాంతా కేసు తీర్పులో సుప్రీంకోర్టు, బీమా ద్వారా చెల్లింపు జరిగినా పేషెంట్ వినియోగదారుడే అని తేల్చింది. పైగా కంపెనీ కట్టిన ప్రతి రూపాయీ మీ పాలసీ మొత్తంలోంచి తగ్గుతుంది, ఆ సంవత్సరంలో మళ్లీ అవసరం పడితే తెలిసొస్తుంది. బీమా సంస్థ కట్టిన మొత్తాన్ని మీ నష్టంగా మళ్లీ అడిగేముందు మాత్రం వకీలుతో మాట్లాడండి.

తప్పు నిర్ధారణ ఉంది కాబట్టి క్లెయిమ్ ఇవ్వబోమని కంపెనీ అంటోంది. ఎక్కడికి వెళ్లాలి?

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించవచ్చు. అంబుడ్స్‌మన్ తేల్చేది కంపెనీతో తగాదానే తప్ప ఆసుపత్రి తప్పును కాదు. డిశ్చార్జ్ నాడు కంపెనీ అనుమతి కోసం గంటలు గంటలు కూర్చోబెట్టి, ఆ ఆలస్యానికి గది అద్దె వేస్తే, 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ చూపించండి. తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి, ఆలస్యం వల్ల పెరిగిన ఖర్చు బీమా కంపెనీయే భరించాలి.

ఆరోగ్యశ్రీ కింద చేర్చుకుని కూడా పరీక్షలకని డబ్బు తీసుకున్నారు. తిరిగి వస్తుందా?

ప్యాకేజీలో ఉన్న చికిత్సకు విడిగా డబ్బు తీసుకోవడం పథకం నిబంధనలకు విరుద్ధం. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ అయినా, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలుస్తున్నదైనా, ఆసుపత్రిలోనే కూర్చునే ఆరోగ్యమిత్రకు ముందు చెప్పి, 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. రశీదు లేకుండా తీసుకున్న డబ్బును రుజువు చేయడమే కష్టం, అందుకే యూపీఐలో కట్టమని చెబుతుంటాను.

## బయటి అధికారుల దగ్గరికి వెళ్లేటప్పుడు

డీఎంహెచ్‌ఓ, మెడికల్ కౌన్సిల్, పోలీసులు, కన్స్యూమర్ కమిషన్: ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మీకు ఏం కావాలన్నదాన్ని బట్టి. డబ్బు కావాలంటే కన్స్యూమర్ కమిషన్, అంటే వినియోగదారుల కోర్టు. ఆసుపత్రి రిజిస్ట్రేషన్, ధరల ప్రదర్శన, సిబ్బంది అర్హతల మీద ఫిర్యాదైతే డీఎంహెచ్‌ఓ, అంటే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి. డాక్టరు వృత్తిపరమైన ప్రవర్తన మీదైతే ఆ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. అది హెచ్చరించగలదు, రిజిస్టరులోంచి పేరు తాత్కాలికంగా తొలగించగలదు, పరిహారం ఇప్పించలేదు. ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలని నియమావళి చెబుతోంది. మరణం సంభవించి, నిర్లక్ష్యం మరీ ఘోరమైనదైతే పోలీసు కేసు పెట్టవచ్చు కానీ, స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోకుండా డాక్టరు మీద ముందుకు వెళ్లకూడదని సుప్రీంకోర్టు చెప్పి ఉంది. బిల్లు తగ్గించుకోవడానికి బేరంగా పోలీసు కేసు పెట్టే ఆలోచనను నేను సమర్థించను, అది తరచూ ఎదురుతిరుగుతుంది కూడా.

కన్స్యూమర్ కమిషన్‌లో వేయడానికి ఎంత ఖర్చవుతుంది? ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే వేయాలా?

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలో గానీ, ఉద్యోగం చేసే జిల్లాలో గానీ వేయవచ్చు. హైదరాబాద్‌లో వైద్యం చేయించుకున్న శ్రీకాకుళం కుటుంబం శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చన్నమాట. ఆసుపత్రికి మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. ఇక్కడ చూసేది మీరు చెల్లించిన బిల్లునే తప్ప అడిగే పరిహారాన్ని కాదు. చెల్లించినది 5 లక్షల లోపైతే ఫీజే లేదు, 5 నుంచి 10 లక్షలకు 200 రూపాయలు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. దాఖలుకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులోనే మాట్లాడి, ఆసుపత్రికి ఫిర్యాదు పంపుతుంది. లెక్కల తగాదాలు కొన్ని అక్కడే తేలిపోతాయి.

బిల్లు కట్టింది నేను, పేషెంట్ మా అబ్బాయి. ఎవరి పేరున వేయాలి?

ఇద్దరి పేర్లా వేయండి. డబ్బు కట్టి సేవ కుదుర్చుకున్నవారు, ఆ సేవ పొందినవారు ఇద్దరూ వినియోగదారులేనని 1998లో స్ప్రింగ్ మెడోస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండేళ్లు దాటిపోయింది. ఇక దారి లేదా?

గడువు రెండేళ్లే, కానీ ఎప్పటి నుంచి లెక్కించాలన్నది ముఖ్యం. తప్పు జరిగిన రోజున కాక, చాలాకాలం తర్వాత మరో డాక్టరు చెబితేనే బయటపడిన సందర్భాల్లో, తెలిసిన రోజు నుంచి లెక్కించవచ్చని 2010 నాటి శ్రీఖండే కేసు తీర్పు ఉంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు కూడా. ఆసుపత్రితో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఊరుకుంటే మాత్రం గడువు ఆగదు. ఆసుపత్రుల రికార్డులకు మూడేళ్లే ఆయుష్షు అన్నది కూడా మరిచిపోవద్దు.

ఏ డాక్టరూ మరో డాక్టరుకు వ్యతిరేకంగా రాసివ్వడు. నిపుణుడి సాక్ష్యం లేకుండా గెలవలేమా?

గెలిచినవారున్నారు, అదీ మన హైదరాబాద్ కేసులోనే. 2002లో చలిజ్వరంతో చేరిన ఒక మహిళకు మలేరియా ఉంటే టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. ఆమెను మరో ఆసుపత్రికి మార్చేసరికి పరిస్థితి చేయిదాటిపోయింది, ప్రాణం దక్కలేదు. భర్త మలేరియా విభాగంలోనే ఉద్యోగి కావడం ఇందులోని విషాదం. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) 2 లక్షల పరిహారం, 10,000 రూపాయల వాపసు ఇవ్వమంది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది, జాతీయ కమిషన్ కూడా అదే మాట అంది. చివరికి 2010 మార్చి 8న సుప్రీంకోర్టు, వి. కిషన్‌రావు కేసుగా పేరుపడిన ఆ తీర్పులో, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని, రికార్డులోనే తప్పు స్పష్టంగా కనబడుతుంటే చాలునని చెప్పి జిల్లా ఫోరం ఉత్తర్వును నిలబెట్టింది.

అయితే ఇది జటిలమైన కేసులన్నిటికీ వర్తించదు. నిపుణుడు కావలసి వస్తే ప్రైవేటు డాక్టర్లను బతిమాలడం కన్నా, ప్రభుత్వ వైద్య కళాశాల నిపుణులకు రికార్డు పంపి అభిప్రాయం తెప్పించమని కమిషన్‌నే కోరండి. రెండో ఆసుపత్రి సర్జన్ ‘మొదటి డాక్టరు తప్పు చేశాడు’ అని రాయడు, రాయమని అడగవద్దు కూడా. ‘లక్షణాలు మొదలై 36 గంటలు, అపెండిక్స్ పగిలి కడుపులో చీము చేరింది’ అని తాను చూసినది రాస్తే మీకు కావలసినదంతా దానిలో ఉంటుంది.

లోక్ అదాలత్‌లో వేయవచ్చా?

ఆసుపత్రి సేవలు శాశ్వత లోక్ అదాలత్ పరిధిలోకి వస్తాయి. కోటి రూపాయల దాకా ఉన్న తగాదాలను అక్కడ ఫీజు లేకుండా వేయవచ్చు, రాజీ కుదరకపోతే అదే తీర్పు కూడా ఇవ్వగలదు. అక్కడ దరఖాస్తు పెట్టాక అదే తగాదాను మరో కోర్టుకు తీసుకెళ్లలేరు, తీర్పు మీద అప్పీలు ఉండదు. లెక్కల తగాదాకు ఇది చక్కని దారి. లోతైన వైద్య చర్చ ఉన్న కేసుకు నేనైతే కమిషన్‌నే ఎంచుకుంటాను. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చేయవచ్చు.

జరిగింది ప్రభుత్వ ఆసుపత్రిలో. బిల్లు లేదు, కానీ తర్వాత ప్రైవేటులో లక్షలు ఖర్చయ్యాయి.

అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర ఛార్జీలు తీసుకుని మిగతావారికి ఉచితంగా చేసేదైతే, ఉచితంగా చూపించుకున్నవారూ వేయవచ్చు. చట్టం కిందికి రాని చోట సూపరింటెండెంట్‌కు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు, చివరికి హైకోర్టులో రిట్ మిగులుతాయి. రికార్డులను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

నేను డాలస్‌లో ఉంటాను, అమ్మానాన్నలు విజయవాడలో. ఇక్కడి నుంచి నడిపించగలనా?

బిల్లు మీరే ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే మీరే ఫిర్యాదీ కావచ్చు. విజయవాడలో ఉన్న నమ్మకమైన బంధువుకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. దాన్ని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపితే, ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. విచారణకు వీడియో ద్వారా హాజరవుతానని కమిషన్‌ను కోరవచ్చు. అయితే రికార్డుల కోసం ఆసుపత్రి మెట్లెక్కే మనిషి ఒకరు అక్కడ ఉండాల్సిందే, ఆ పని ఈమెయిళ్లతో కాదు. అమెరికా ఆసుపత్రుల బిల్లులకు అలవాటుపడినవారు ఇక్కడా అలాంటి మొత్తాల్లో పరిహారం ఊహించుకుంటారు, అది రాదు.

ఎంత కాలం పడుతుంది? చివరికి ఎంత వస్తుంది?

మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఏడాది, రెండేళ్లు అనుకునే దిగండి. ఆసుపత్రి ఓడితే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లవచ్చు, కాకపోతే ముందుగా సగం మొత్తం డిపాజిట్ చేయాలి. నిర్లక్ష్యం వల్ల మరణం గానీ, తీవ్రమైన గాయం గానీ అయిన కేసులు మినహా, మధ్యవర్తిత్వానికి పంపమని ఏ దశలోనైనా కోరవచ్చు. మేం అదే చేశాం. మూడో సమావేశంలో, తప్పు ఒప్పుకోకుండానే, 1,60,000 ఇవ్వడానికి మొదటి ఆసుపత్రి అంగీకరించింది. మేం అడిగినది 2,06,250. ఆ తేడా కోసం ఇంకో ఏడాది తిరగాలా అని మా తమ్ముడు ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే సంతకం పెట్టాడు.